ఈస్టరు దాకా ఆగిన పడవ

గురుగ్రామ్‌లోని మా అపార్టుమెంటు ప్రాంగణంలోకి పడవ వచ్చిన ఉదయం నీళ్ల ట్యాంకరు రాలేదు. నా భార్య ఖాళీ బకెట్టు చేత పట్టుకొని మెట్ల దగ్గర నిలబడి, జీపు వెనుక ట్రెయిలరు మీద ఊగుతూ వస్తున్న ఆ తెల్లని పడవను మొదటి నుంచి చివరి దాకా చూసింది.

"ఏవండీ, స్నానానికి నీళ్లు లేని కొంపకి పడవ తెచ్చారా?" అంది.

"నీళ్లున్న చోటికి తీసుకువెళ్లడానికే కదా చక్రాలు" అన్నాను.

"అచ్ఛా! అయితే అందులో నాలుగు బిందెలు కూడా పెట్టుకెళ్లండి. వచ్చేటప్పుడు నింపుకురావచ్చు."

ఆమె వెనుక నిలబడిన ఆమె అన్నగారు మా మాటలు పట్టించుకోలేదు. పడవ దగ్గరకు నడిచి, అంచు మీద అరచేయి ఆనించి, ముఖం బాగా దగ్గరగా వంచి చూశారు. అప్పటికే ఆయన ఏ వస్తువునైనా అలాగే చూస్తున్నారు.

వరుసకు ఆయన నాకు బావగారు. నేనూ ఆయనకు బావగారినే. నరసాపురం దగ్గరి తీరం నుంచి చిన్న వయసులోనే ఢిల్లీ వచ్చి, ఒక ఆసుపత్రి ఎక్స్‌రే విభాగంలో ఉద్యోగ జీవితమంతా గడిపిన మనిషి. ఆయన వెంటే వచ్చి నా భార్య నర్సు శిక్షణ పూర్తి చేసింది. భార్య పోయాక, పిల్లలు లేని కారణంగా, ఆయన మా ఇంటనే ఉంటున్నారు. మధుమేహం కళ్లకు పాకింది. సాకేత్‌లోని కంటి వైద్యుడు పరీక్షలన్నీ ముగించి, "పోయిన చూపు తిరిగి రాదు. మిగిలినదాన్ని నిలబెట్టుకొనే ప్రయత్నం చేద్దాం" అన్నాడు. ఎంతకాలం నిలుస్తుందని నేను అడగబోతే నా భార్య నా మోచేయి పట్టుకొని ఆపింది. జీవితమంతా వార్డుల్లో తిరిగిన ఆమెకు ఆ ప్రశ్నకు జవాబు తెలుసు.

తిరుగు ప్రయాణంలో మెహ్రౌలీ దగ్గర వాహనాల రద్దీలో ఆగి ఉండగా బావగారు అన్నారు: "బావగారూ, నాకొక్క కోరిక. పడవలో కూర్చుని గాలం వేయాలి. బెండు మునగడం ఈ కళ్లతో చూడాలి. ఒక్కసారి చాలు."

గాలపు తాడుకు కట్టి నీటి మీద తేలనిచ్చే చిన్న ముక్కను బెండు అంటారు. చేప ఎర అందుకోగానే అది మునుగుతుంది. చిన్నప్పుడు ఉప్పుటేటి మీద ఆయన తెలిసినవారి నావల్లో కూర్చుని దాన్ని చూస్తూ పూటలు గడిపేవారట. ఢిల్లీ వచ్చాక చీకటి గదిలో జనం ఎముకలు చూడడమే సరిపోయింది.

నాకు చేపలు పట్టడం రాదు. నా ఉద్యోగమంతా ఒక ప్రభుత్వ కర్మాగారపు తనిఖీ విభాగంలో గడిచింది. తయారైన వస్తువు తయారు కావలసిన రీతిలోనే తయారైందా లేదా అని చూడడమే నా పని. మనుషుల కోరికలతో ఎలా వ్యవహరించాలో నాకు తెలియదు గాని, ఏర్పాట్లు అవసరమైన కోరిక అయితే దాన్ని నెరవేర్చే పద్ధతి తెలుసు. అందుచేత ఆ పని నా బాధ్యతగా స్వీకరించాను.

పడవ ఒక ఫాంహౌసు వారిది. కొన్న ఉత్సాహం తీరిన తరువాత షెడ్డులో పడేసి మరచిపోతే, నేను చవకగా కొన్నాను. ఫైబరుతో చేసినది, ముగ్గురు సుఖంగా కూర్చోగలిగేది, అడ్డంగా మూడు బల్లలు, రెండు తెడ్లు. అడుగున మడమ వంటి భాగంలో ఒక చీలిక ఉంది. ట్రెయిలరు స్థితి మరీ దయనీయం. నిలిచిన చోటనే నిలిచి టైర్లు పగుళ్లిచ్చాయి, కమాను పట్టీలు ఒకదానికొకటి తుప్పుతో అంటుకుపోయాయి, వెనుక దీపాల తీగలను ఎలుకలు కొరికేశాయి.

నా పని మొదలుకాకముందే సొసైటీ కార్యదర్శి వచ్చాడు. ఉదయపు నడకలో తోటివారి తప్పులు వెదకడం ఆయనకు అలవాటు.

"అంకుల్‌జీ, యే పార్కింగ్ గాడీ కే లియే హై. నావ్ కే లియే నహీ." ఈ చోటు బండ్లకే గాని పడవకు కాదట.

"నియమావళిలో ఏముందో చూశారా? చక్రాలు, నంబరు పలక ఉన్న సొంత వాహనం నిలపవచ్చునని ఉంది. ట్రెయిలరుకు రెండూ ఉన్నాయి. దాని మీద నేనేమి ఉంచుతానన్నది వేరే విషయం" అని హిందీలో చెప్పాను.

"రేపు ఇంకొకరు ఒంటెను తెచ్చి ట్రెయిలరు మీద నిలబెడితే?"

"నంబరు పలక ఉంటే నిలబెట్టనివ్వండి."

కావలివాడు పక్కకు తిరిగి నవ్వాడు. కార్యదర్శి నవ్వలేదు. అయినా నియమం నియమమే గనుక పడవ మా చోటనే, జనరేటరు గది గోడకు ఎదురుగా, నిలిచింది.

చలికాలం పని చేయడానికి తగినదనుకొన్నాను. అది పొరపాటని త్వరలోనే తెలిసింది. చీలికను గరుకు కాగితంతో రుద్ది, ఫైబరు గుడ్డ పరచి, రెజిను పూశాను. జనవరి పొగమంచులో ఆ రెజిను గట్టిపడలేదు. వేలు పెడితే బెల్లపు పాకంలా అంటుకొనేది. గీకి తీసివేసి మళ్లీ పూశాను, మళ్లీ అంతే. బావగారు శాలువా కప్పుకొని కుర్చీ వేసుకొని నా పక్కన కూర్చొనేవారు.

"ఏవంటోంది బావగారూ, మీ పేషెంటు?"

"కట్టు ఆరలేదు."

"మా ఆసుపత్రిలో అయితే ఈపాటికి డిశ్చార్జి చేసి పంపేసేవాళ్లం."

"అందుకే మీ ఆసుపత్రికి నేనెప్పుడూ రాలేదు" అన్నాను. ఆయన చాలాసేపు నవ్వారు. ఆ చలికాలంలో ఆయన నవ్విన నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తూ ఉంటుంది.

రెజిను ఆరేలోగా ట్రెయిలరు పని పట్టాను. చక్రాలు విప్పించి, చక్రాల నడిమి కుండల్లోని పాత గ్రీజును కిరసనాయిలుతో కడిగి, కొత్త బేరింగులు వేయించాను. ఈ విషయంలో ఒక జాగ్రత్త అవసరం. దారిలో వేడెక్కిన చక్రాలను వెంటనే నీళ్లలో దించకూడదు. లోపలి గాలి చప్పున చల్లబడి ముడుచుకొని నీటిని లోనికి పీలుస్తుంది. ఆ తరువాత బేరింగులు లోలోపల తుప్పు పట్టి, ఎక్కడో రోడ్డు మధ్యన చక్రం బిగిసిపోతుంది. కాబట్టి గట్టుకు చేరాక, చేయి పెడితే చల్లగా తగిలే దాకా ఆగాలి. ఇది బావగారికి ఒకటికి రెండుసార్లు చెప్పాను. "ఆగుదాం, బావగారూ. ఆగడానికేముంది" అన్నారు.

ఫిబ్రవరిలో ఎండ తిరిగింది. రెజిను రాయిలా గట్టిపడింది. పడవలో నీళ్లు పోసి, అడుగు నుంచి ఒక్క బొట్టైనా కారడం లేదని నిర్ధారించుకొన్నాను. ఆ నీళ్లు ఎక్కడివని నా భార్య అడిగింది. నేను ఖాళీ బకెట్లను పడవ వెనక్కి నెట్టాను. సోహ్నా దారిలో అరావళి గుట్టల కింద ఉన్న చెరువును ముందే వెళ్లి చూసివచ్చాను. సిమెంటు వాలు చివరి అంచును నీళ్లు తాకుతున్నాయి. పడవ దించడానికి అంతకన్న తగిన చోటు ఈ ప్రాంతంలో మరొకటి లేదు. గాలం వేయడానికి అనుమతి కూడా తెచ్చుకొన్నాను.

"ఈ శనివారం వెళ్లిపోండి" అంది నా భార్య.

"ప్రార్థన కాకుండానా?" అన్నాను.

మా కుటుంబాల్లో కొత్త ఇల్లయినా, కొత్త బండి అయినా, కృతజ్ఞతా ప్రార్థన జరగనిదే వాడుకలోకి రాదు. పాస్టరుగారు ఊళ్లో లేరు. ఆయన తిరిగి వచ్చే నాటికి భస్మ బుధవారం దాటిపోతుంది. అక్కడి నుంచి ఈస్టరు దాకా శ్రమల దినాలు. ఆ నలభై రోజులూ మా ఇళ్లలో వేడుక జరగదు, విందు ఉండదు, షికారు ఉండదు. బావగారు మా తెలుగు సంఘంలో పెద్ద. శ్రమల దినాల సాయంకాలపు కూడికల్లో వాక్యం చదివేది ఆయనే.

"అన్నయ్యా, పాస్టరుగారికి ఫోను చేసి ఫోన్లోనే ప్రార్థన చేయించుకుందాం. శనివారం వెళ్లు" అంది నా భార్య.

"శనివారం ఇంట్లో ఎవరికీ కుదరదన్నావు కదే, చర్చి శుభ్రం చేసే వంతు మనదని."

"వంతు నేను చూసుకుంటాను. పోనీ, ఆ తరవాత వారం వెళ్లు."

"ఫోన్లో చేసేది ప్రార్థన అనిపించుకోదు. ఆ తరవాతంటే శ్రమల దినాలు. ముందు రోజు గాలం వేసి, మర్నాడు పుల్పిట్టు దగ్గర నిలబడి ఉపవాసం గురించి చదవమంటావా?"

"దేవుడు నీ గాలం మీదే కన్నేసుకుని కూర్చున్నాడా? డాక్టరు ఏమన్నాడో విన్నావు కదా!"

బావగారు చేతిలోని టీ కప్పు పక్కన పెట్టారు. కోపం లేకుండానే అన్నారు: "చెల్లీ, నలభై రోజులు ఆగలేని కళ్లు నాకెందుకే?"

ఆమె నా వైపు తిరిగింది. నేను ఆయన పక్షమే వహించాను. మనకు వీలు కుదిరినప్పుడు పాటించి, కుదరనప్పుడు పక్కన పెట్టేది నియమం అనిపించుకోదు. ఆ మాటలో దోషం నాకు అప్పుడు కనిపించలేదు, ఇప్పుడూ కనిపించదు. తరువాత జరిగినదంతా జరిగిన తరువాత కూడా.

ఆమె వంటింట్లోకి వెళ్లి గిన్నెలు పెద్ద చప్పుడుతో సర్దింది.

శ్రమల దినాలు నడిచాయి. బావగారు మాంసం ముట్టలేదు, టీలో పాలు మానేశారు. నేను పడవకు బురఖా వంటి తొడుగు కుట్టించాను. ఆయనకు బాగా కనిపించాలని కోడిగుడ్డంత బెండు ఒకటి చెక్కించి, సగం ఎరుపు, సగం తెలుపు రంగు వేశాను. దానిని చూపితే, "ఇది చూసి చేప భయంతో చచ్చి తేలుతుంది, ఇక గాలం ఎందుకు?" అన్నారు.

ఆ రోజుల్లోనే ఆయన కుడి కంటిలో ఏదో జరిగింది. ఎప్పుడు జరిగిందో మాకు చెప్పలేదు. గుడ్‌ఫ్రైడే నాడు చర్చిలో, సిలువ మీద క్రీస్తు పలికిన ఏడు మాటల ఆరాధన. ఒక మాటకు ముందు వాక్యం చదవవలసింది ఆయన. వెళ్లి నిలబడి, బైబిలు తెరిచి, స్పష్టంగా, ఎక్కడా తడబడకుండా ఆ భాగమంతా చెప్పారు. మధ్యలో పేజీ తిప్పవలసిన చోటు ఉంది, ఆయన తిప్పలేదు. నా పక్కన కూర్చొన్న నా భార్య పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకొంది.

ఇంటికి వచ్చాక ఆమె అన్నగారి ముందు చేయి ఆడించింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"మట్టలాదివారం ముందు, వారం దాటింది. ఎర్రటి దారం ఒకటి వేలాడినట్టు కనిపించింది. తరవాత పొగ కమ్మింది. పండగ వెళ్లాక చెబుదామనుకున్నాను."

"పండగ వెళ్లాక దేన్ని చూపిస్తావు డాక్టరుకి?" అని ఆమె గట్టిగా ఏడ్చింది. ముప్పై ఏళ్ల పైబడిన మా కాపురంలో ఆమె అలా ఏడవడం నేను అంతకు ముందు వినలేదు.

సాకేత్ వైద్యుడు సూదులు వేశాడు. లోపలి రక్తం కరిగితే కొంత మేలు కావచ్చునన్నాడు. 'కావచ్చు' అన్న మాటను చాలా మెల్లగా అన్నాడు. ఎడమ కంటిలో వెలుగు, పెద్ద ఆకారాలు మిగిలాయి. నేను కోడిగుడ్డంత బెండును తీసివేసి, కొబ్బరికాయంత బెండుకు రంగు వేశాను. నవ్వదగిన వస్తువే. ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

ఈస్టరు మధ్యాహ్నం పార్కింగులో ప్రార్థన జరిగింది. పాస్టరుగారు పడవ మీద చేయి ఉంచి, ఈ నావను, ఇందులో కూర్చొనే దాసులను కాపాడమని ప్రార్థించారు. ఆసుపత్రుల్లో పనిచేసే మా సంఘం స్త్రీలు పాట పాడారు. కార్యదర్శి దూరం నుంచి చేతులు కట్టుకొని చూశాడు. కావలివాడు వచ్చి, "ప్రసాద్ హై క్యా అంకుల్?" అని అడిగి సమోసా తీసుకొన్నాడు. బావగారు తెల్లచొక్కా వేసుకొని, పడవ ముక్కు మీద చేయి తీయకుండా నిలబడ్డారు.

ఆ వెంటనే వచ్చిన సెలవు రోజున బయలుదేరాము. వేడిగాలి అప్పటికే మొదలైంది. నా భార్య అన్నం, పెరుగు, మందుల డబ్బా సర్దుకొని వెనుక కూర్చొంది. ట్రెయిలరు ఏ చప్పుడూ లేకుండా నడిచింది. దాని విషయంలో చెప్పవలసిన లోపం ఒక్కటీ లేదు.

చెరువు దగ్గర సిమెంటు వాలు అలాగే ఉంది. దాని చివర నీళ్లు లేవు. ఎండి నెరలు విచ్చిన బురద, ఆపైన పచ్చి బురద, ఆపైన గేదెలు పడుకొన్న మడుగు. దానికి కూడా చాలా అవతల సన్నని నీటి చార. వేసవి ముంచుకువచ్చి, చుట్టుపక్కల బోర్లు, మోటార్లు తాగినంత తాగాక మిగిలిన చెరువు అది. చక్రాలు చల్లబడే దాకా ఆగవలసిన అవసరం ఆనాడు మాకు కలగలేదు.

అయినా నేను ట్రెయిలరును వాలు చివర దాటించి ఎండిన బురద మీదికి వెనుకగా నడిపాను. పై పెచ్చు గట్టిగా కనిపించింది. జీపు కాస్త కదలగానే పెచ్చు విరిగి, ట్రెయిలరు చక్రాలు ఇరుసు దాకా దిగబడ్డాయి. తెడ్డు తీసుకొని దిగి ముందుకు నడిచాను. మోకాలి లోతు బురదలో తెడ్డు గుచ్చితే నేల తగలలేదు. పడవను ముగ్గురు ముసలివాళ్లం ఆ దూరం ఈడ్చే ప్రశ్నే లేదు.

గేదెలు తోలుకువచ్చిన హర్యానా రైతు ఒకడు, తలపాగా సవరించుకొంటూ, నన్నూ పడవనూ తేరిపార చూశాడు.

"తావూ, నావ్ లాయే హో? పానీ భీ సాథ్ లే ఆతే!" నీళ్లు కూడా వెంట తెచ్చుకోవలసిందని ఎగతాళి.

ఎప్పుడు నిండుతుందని అడిగాను. "రామ్‌జీ బరసాయే తో అగస్త్ మేఁ ఆనా" అని, రాముడు వాన కురిపిస్తే ఆగస్టులో రమ్మని చెప్పి, ట్రాక్టరు తేవడానికి తనే వెళ్లాడు.

జీపు ముందు సీట్లో బావగారు అద్దం దించుకొని కూర్చొని ఉన్నారు. నేను బురద కాళ్లతో కిటికీ దగ్గరకు వెళ్లాను.

"బావగారూ, తెల్లగా, వెడల్పుగా కనిపిస్తోంది. బాగా మెరుస్తోంది. అవి నీళ్లేనా?" అన్నారు.

వెనుక సీట్లోంచి నా భార్య నా కళ్లలోకి చూసింది. ఏమి చెప్పమని ఆ చూపు కోరుతోందో నాకు తెలుసు.

"కాదు. ఎండిన మట్టి" అన్నాను.

"అచ్ఛా" అన్నారు. అద్దం ఎత్తేశారు.

సూదుల వల్ల మేలు జరగలేదు. జులైలో వానలు దిగే నాటికి ఎడమ కంటిలోని ఆకారాలు కూడా కలిసిపోయాయి. ఏ కిటికీ తెరిచి ఉందో, ఏది మూసి ఉందో మాత్రం చెప్పగలిగేవారు. ఆగస్టులో నేను ఒంటరిగా వెళ్లి చెరువు చూసివచ్చాను. నీళ్లు సిమెంటు వాలు మీద సగం దాకా ఎక్కాయి. వచ్చి ఆ సంగతి చెప్పాను.

"సంతోషం. మీరిద్దరూ వెళ్లిరండి" అన్నారు.

"మీ కోసం తెచ్చిన పడవ."

"చీకట్లో నీళ్ల మీద కూర్చోవడం దేనికి బావగారూ? భయం తప్ప ఏముంటుంది? ఈ బాల్కనీలో అయితే కనీసం మీ చెల్లెలి తిట్లయినా వినపడతాయి" అని, వెంటనే, "మీ చెల్లెలంటున్నానేంటి, నా చెల్లెలు" అని సర్దుకొన్నారు. ఈ మధ్య ఆయనకు మాటలు కూడా తారుమారవుతున్నాయి.

నేను పడవ పనులు మానలేదు. తొడుగులో నిలిచిన వాననీరు తీయడం, టైర్ల మీద బరువు పడకుండా ఇరుసు కింద దిమ్మలు పెట్టడం, వారానికొకసారి చక్రాలు చేత్తో తిప్పడం. పని ఉన్న వస్తువుకు చేసే సేవ పని లేని వస్తువుకు కూడా చేయడంలో అర్థం ఏమిటని నా భార్య అడగలేదు.  ఇంతలో, పదేళ్లు నిండిన డీజిలు బండి ఈ ప్రాంతపు రోడ్ల మీద తిరగరాదన్న నియమం మా జీపుకు వర్తించింది. దానిని వేరే రాష్ట్రం వారెవరో కొని తోలుకుపోయారు. ఇక ట్రెయిలరును లాగే సాధనం కూడా లేకపోయింది. పడవను కూడా ఇచ్చివేయాలని నేనే నిర్ణయించాను.

హైవే పక్కన పెళ్లిళ్ల లాన్ నడిపే మనిషి ఒకడు లారీతో వచ్చాడు. నేను బేరింగుల సంగతి చెప్పడం మొదలుపెట్టాను.

"అరే అంకుల్, ఇసే చల్‌నా థోడీ హై!" అన్నాడు, ఇది నడవవలసిన పనే లేదన్నట్టు. గడ్డి మీద పెట్టి, ఐసు నింపి, కూల్‌డ్రింకు సీసాలు ముంచుతాడట. కరిగిన నీళ్లు పోవడానికి అడుగున ఒక రంధ్రం చేస్తాడట. అది చక్కని ఆలోచన అని లారీ డ్రైవరు మెచ్చుకొన్నాడు.

వాళ్లు తాళ్లు విప్పుతూ ఉండగా బావగారు గోడ పట్టుకొని మెట్లు దిగి వచ్చారు. "బావగారూ, ఒక్కసారి ఎక్కించండి" అన్నారు. నేనూ కావలివాడూ చెరొక భుజం పట్టి ఎక్కించాము. ఆయన మధ్య బల్ల మీద కూర్చొని, రెండు చేతులూ రెండు అంచుల మీద ఉంచారు.

"ఎటు తిరిగి ఉన్నాం?"

"గోడ వైపు. జనరేటరు గది గోడ."

తల ఊపారు. లారీ మనిషి గడియారం చూసుకొన్నాడు. నా భార్య మెట్ల మీద నుంచి, "అన్నయ్యా, ఎండ ఎక్కుతోంది, దిగు" అంది. ఆయన ఇంకా కొంచెంసేపు కూర్చొన్నారు. ఆ తరువాత మా వైపు కాక, మేము ఉన్నామనుకొన్న వైపుకు చేతులు చాచారు. పట్టుకొన్నాము. ఒక కాలు అంచు మీదుగా దించి, పాదంతో నేల కోసం వెదికారు.

"ఎంత లోతుంది బావగారూ?"

"జానెడు. దిగండి" అన్నాను.

మధ్యాహ్నానికల్లా ఆ ఖాళీ చోట పై అంతస్తువారి రెండో కారు నిలిచింది.